కంచె చేను మేస్తుందా?



కంచే చేను మేస్తే కాచేవారెవరు అని మన పెద్దలు అంటుంటారు. కంచె మీదే అనుమానం పుడితే రైతుకు కంటి మీద కునుకు ఉండదు. మన దేహానికి కూడా అటువంటి కంచె ఒకటి ఉంది. చర్మంలో, నోటిలో, ఊపిరితిత్తుల్లో, పేగుల్లో కంటికి కనిపించని చిన్న చిన్న మాంసకృత్తులు రాత్రింబగళ్లు కాపలా కాస్తుంటాయి. లోపలికి చొరబడే సూక్ష్మక్రిములను చంపడం వాటి పని. అయితే ఆ కాపలాదారుల్లో కొన్ని, కొన్ని పరిస్థితుల్లో, క్యాన్సర్ గడ్డ పెరగడానికి తోడ్పడుతున్నాయని శాస్త్రజ్ఞులు గత రెండు దశాబ్దాలలో కనుగొన్నారు. ఈ సంగతి తెలియక మన కుటుంబాల్లో కొందరు డబ్బును, డబ్బు కంటె విలువైన కాలాన్ని పోగొట్టుకుంటున్నారు. అందుకే ఈ నెల ఈ విషయం వ్రాస్తున్నాను.

నేను చదివింది వేదాంతంలో డిప్లొమా. వైద్యుణ్ణి కాను. అయితే పదిహేనేళ్లుగా విశాఖ ఆటోనగర్‌లో సంఘ కాపరిగా ఉంటున్నాను. మా సంఘంలో ఎక్కువమంది లారీ షెడ్లలో పనిచేసేవారు, వెల్డర్లు, మెకానిక్కులు, స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు కూలీకి వెళ్లేవారు. వారి తల్లులు, అత్తలు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుండి పిల్లలతో పాటు గాజువాక ప్రాంతానికి వచ్చి స్థిరపడ్డారు. ఊరు విడిచి వచ్చినా ఊరి అలవాట్లు విడువలేదు. వాటిలో ఒకటి చుట్ట. ఉత్తరాంధ్ర వారికి నేను చెప్పనక్కరలేదు గాని, ఇతర జిల్లాల చదువరుల కోసం చెబుతాను. మా వైపు పెద్ద వయసు స్త్రీలలో కొందరు చుట్టను వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోటి లోపల పెట్టుకొని పీలుస్తారు. దీనిని అడ్డపొగ అంటారు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదని, నీళ్లలో నిలబడి బట్టలు ఉతికేటప్పుడు తడవదని, ఎక్కువసేపు వస్తుందని వారు చెప్పే కారణాలు.

ఆ నిప్పు ఎక్కడ తగులుతుంది? నేరుగా అంగిలికి. మామూలుగా పొగాకు వాడేవారికి నోటి క్యాన్సర్ బుగ్గ లోపల, నాలుక అంచున ఎక్కువగా వస్తుంది. గట్టి అంగిలికి రావడం అరుదు. అడ్డపొగ తాగేవారికి మాత్రం అంగిలికే వస్తుంది. ఈ సంగతి ఈనాడు కనిపెట్టినది కాదు. డెన్మార్కుకు చెందిన దంతవైద్యుడు పిండ్‌బోర్గ్, బొంబాయికి చెందిన డాక్టర్ ఫాలీ మెహతా బృందం శ్రీకాకుళం జిల్లాలో ఇల్లిల్లు తిరిగి 10,169 మంది నోళ్లను పరీక్షించి 1971లో ఫలితాలు ప్రకటించారు. అప్పట్లో ఆ పల్లెల్లో నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవారే. ఇప్పుడు ఆ అలవాటు బాగా తగ్గింది. కాని ఆ తరం స్త్రీలు ఇంకా మన ఇళ్లలో ఉన్నారు. ఆ చుట్టలు కాల్చిన అంగిళ్లు కూడా మన మధ్యనే ఉన్నాయి.

మా సంఘంలో ఒక సహోదరి ఉన్నారు. అరవై దాటిన మనిషి. పెళ్లయిన కొత్తలో అత్తగారి దగ్గర నేర్చుకున్న అడ్డపొగ. ఒకరోజు గృహ దర్శనానికి వెళ్లినప్పుడు కారం తినలేకపోతున్నానని చెప్పారు. అంగిలి మీద పుండు లేచి అప్పటికి నాలుగు నెలలయిందట. ఆసుపత్రికి వెళ్లారా అని అడిగితే కొడుకు ఒక డబ్బా తెచ్చి చూపించాడు. రోగనిరోధక శక్తిని పెంచే పొడి అట. ఇంటింటికీ తిరిగి అమ్మేవాడొకడు ఇచ్చాడట. ఒంట్లో కాపలా బలపడితే గడ్డ దానంతటదే కరిగిపోతుందని చెప్పి, నెలకు రెండు డబ్బాల చొప్పున అంటగట్టాడు. షెడ్డులో వారం కూలీ అంతా ఆ డబ్బాలకే పోతున్నది.

ఆ తల్లి నన్ను అడిగిన మాట నా మనసులో నాటుకుపోయింది. "అయ్యగారూ, నా వొంట్లో సత్తువ నేకనే ఇది వొచ్చిందా? ఏటి తింటే సత్తువొస్తాదో సెప్పండి" అన్నారు. ఆ మాటలో రోగం గురించిన బాధ కంటె, ఏదో తన తప్పు వల్లనే ఇది వచ్చిందన్న సిగ్గు ఎక్కువగా కనిపించింది.

ఆమెను పరీక్షకు పంపే ఏర్పాటు చేశాం గాని, ఆ ప్రశ్న నన్ను వదలలేదు. దేహంలో కాపలా బలపడితే క్యాన్సర్ పోతుందా? మా సంఘంలో బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ చదువుతున్న అమ్మాయి ఒకతె ఉంది. ఆమెను అడిగాను. "అంత సులువు కాదు అయ్యగారూ, ఆ కాపలా వల్లే గడ్డ పెరిగే సందర్భాలు కూడా ఉన్నాయి" అన్నది. తరువాత అనేక వారాలు, ఆరాధన అయ్యాక కూర్చుని, పుస్తకాలు తెచ్చి నాకు వివరించింది. నేను అర్థం చేసుకున్నంతవరకు మీ ముందు పెడుతున్నాను.

ఈ కాపలాదారులను యాంటీమైక్రోబియల్ పెప్టైడ్లు అంటారు. క్రిములను చంపే పెప్టైడ్లు అని మనం చెప్పుకోవచ్చు. మనం తినే పప్పులో, గుడ్డులో ఉండే మాంసకృత్తులు అమైనో ఆమ్లాలు అనే పూసలు గుచ్చిన పొడవైన దండలవంటివి. పెప్టైడ్ అంటే పొట్టి దండ. ఈ కాపలా పెప్టైడ్లలో చాలావాటికి యాభై పూసలకు మించి ఉండవు.

వీటిని కనుగొన్న తీరు కూడా ఆసక్తికరమైనదే. 1981లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు హాన్స్ బోమన్ ఒక జాతి పట్టుపురుగు గూటిలో ఉండగా దానికి క్రిములను ఎక్కించి, అది ఎలా తట్టుకుంటుందో పరిశీలించి, అటువంటి పెప్టైడ్‌ను వేరుచేశారు. ఆ తరువాత అమెరికాలో మైఖేల్ జాస్లాఫ్ అనే వైద్యుడు పరిశోధన కోసం కప్పలకు కోత పెట్టి, కుట్టు వేసి, మళ్లీ మురికి నీళ్ల తొట్టిలోనే వదిలేవారు. ఆ గాయాలు చీము పట్టకుండా మానిపోవడం చూసి ఆయనకు ఆశ్చర్యం కలిగింది. కప్ప చర్మంలోని పెప్టైడ్లే కారణమని 1987లో ప్రకటించి, వాటికి మగైనిన్ అని పేరు పెట్టారు. హెబ్రీ భాషలో 'మాగేన్' అనే మాట నుండి ఆ పేరు తీసుకున్నారు. మాగేన్ అంటే మన గ్రంథపు తెలుగులో కేడెము. బురదలో గెంతే కప్పకు కూడా ఒక కేడెము ఉంది చూడండి. మన హైదరాబాదులోని సీసీఎంబీలో కూడా డాక్టర్ రామకృష్ణన్ నాగరాజ్ బృందం ఈ పెప్టైడ్లు ఎలా పనిచేస్తాయో ఎన్నో ఏళ్లు పరిశోధించింది.

మనిషి దేహంలో ఇటువంటివి అనేకం ఉన్నాయి. డిఫెన్సిన్లు అనే కుటుంబం ఒకటి. 1985లో వాటికి ఆ పేరు పెట్టారు. మన ఉమ్మిలో, చిగుళ్లలో అవి ఉంటాయి. ఎల్ఎల్-37 అనేది ఇంకొకటి. దానిలో 37 పూసలు ఉంటాయి. ఈ పెప్టైడ్లకు ధన విద్యుదావేశం ఉంటుంది. బ్యాక్టీరియా పైపొరకు ఋణ విద్యుదావేశం ఉంటుంది. అయస్కాంతానికి ఇనుప రజను పట్టినట్టు ఇవి పోయి బ్యాక్టీరియాకు అంటుకొని, దాని పైపొరకు చిల్లులు పెట్టి చంపుతాయి. కొన్ని రకాల క్యాన్సర్ కణాల పైపొరకు కూడా మామూలు కణాల కంటె ఋణావేశం ఎక్కువ. అందుచేత వీటితో క్యాన్సర్‌ను కూడా చంపవచ్చునని శాస్త్రజ్ఞులు ఎంతో ఆశపడ్డారు. ప్రయోగశాలలో కొన్ని పెప్టైడ్లు నిజంగానే క్యాన్సర్ కణాలను చంపాయి.

కాని ఈ కాపలాదారుకు రెండవ ఉద్యోగం కూడా ఉంది. అసలు కథ అక్కడే ఉన్నది. క్రిమిని చంపడంతో అతని పని అయిపోదు. తెగిన చోటును బాగుచేయించే పని కూడా అతనిదే. 2003లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఎల్ఎల్-37 గురించి ఒక సంగతి గమనించారు. చర్మం తెగినప్పుడు గాయం అంచున ఈ పెప్టైడ్ పెరుగుతుంది. గాయం మూసుకోగానే తగ్గిపోతుంది. దానిని అడ్డుకుంటే చర్మం సరిగా మూసుకోవడం లేదు. కొత్త రక్తనాళాలు పుట్టడానికి కూడా అది సహాయపడుతుందని అదే సంవత్సరం మరొక బృందం చూపించింది. అంటే ఈ పెప్టైడ్ కణాలతో పెరగండి అంటుంది, కదలండి అంటుంది, రక్తనాళాలను రమ్మంటుంది, రక్తంలోని రక్షక కణాలను పిలుస్తుంది. గాయం మానాలంటే ఇవన్నీ కావాలి.

ఇప్పుడు ఆలోచించండి. క్యాన్సర్ గడ్డ పెరగాలంటే ఏమి కావాలి? కణాలు పెరగాలి, కదలాలి, రక్తనాళాలు రావాలి. గాయం మానడానికి కావలసినవే గడ్డ పెరగడానికీ కావాలి. అమెరికా వైద్యుడు హెరాల్డ్ డ్వోరాక్ 1986లోనే క్యాన్సర్ గడ్డను ఎన్నటికీ మానని పుండుతో పోల్చారు. ఆ పోలిక ఎంత లోతైనదో ఈ పెప్టైడ్ల పరిశోధన వల్ల మరింత తెలిసింది.

ఆటోనగర్ వారికి అర్థమయ్యేటట్టు చెబుతాను. షెడ్డులో ఒక మంచి వెల్డరు ఉన్నాడు. ఏ బండికి చిల్లు పడినా వచ్చి అతుకు వేస్తాడు. అతని పనిలో వంక లేదు. ఒక దొంగ వచ్చి, నా బండికి చిల్లు పడింది అంటూ రోజూ అతనిని పిలిపించుకుంటున్నాడు. వెల్డరు దొంగ మొహం చూడడు, చిల్లు చూస్తాడు, అతుకు వేస్తాడు. కొన్నాళ్లకు దొంగ బండి దిట్టంగా తయారై రోడ్డెక్కింది. తప్పు వెల్డరుదా? కాదు. అతడు తన పని తాను చేశాడు. రోజూ చిల్లు పెట్టి పిలిచిన వాడిది తప్పు.

పరిశోధనలు కూడా ఇదే చూపించాయి. రొమ్ము క్యాన్సర్ గడ్డలలో ఎల్ఎల్-37 ఎక్కువగా ఉన్నదని 2005లో, ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలు దాని వల్ల పెరుగుతున్నాయని 2008లో తెలిసింది. అండాశయ క్యాన్సర్‌లో అది చుట్టుపక్కల కణాలను గడ్డ దగ్గరికి పిలిచి, గడ్డకు బలం చేకూరుస్తున్నదని 2009లో తేలింది. అయితే కథ అన్ని చోట్లా ఒకటే కాదు. జీర్ణాశయంలో, పెద్దపేగులో అదే పెప్టైడ్ క్యాన్సర్‌ను అణచివేస్తున్నది. మామూలు పెద్దపేగు పొరలో అది సమృద్ధిగా ఉండి, క్యాన్సర్ వచ్చినచోట తగ్గిపోతుంది.

నోటి సంగతి మరీ విచిత్రం. డిఫెన్సిన్లలో మొదటి రకం నోటి క్యాన్సర్‌ను అణచేదిగా కనిపిస్తున్నది. గడ్డ ముదిరిన కొద్దీ అది తగ్గిపోతుంది. మూడవ రకం మాత్రం గడ్డలో విపరీతంగా పెరుగుతుంది. మాక్రోఫేజ్‌లు అనే రక్షక కణాలను అది గడ్డలోకి పిలుస్తుంది. రక్షించడానికి వచ్చిన ఆ కణాలు లోపల చేరి గడ్డకే చాకిరీ చేస్తాయి. ఒకే ఇంటి అన్నదమ్ములు, ఒకడు కాపాడుతుంటే ఒకడు గడ్డకు అన్నం పెడుతున్నాడు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. అంగిలి క్యాన్సర్‌ను తెచ్చేది ఈ పెప్టైడ్లు కావు. తెచ్చేది పొగాకులోని విషం, దానికి తోడు నిప్పు వేడి. ప్రతిరోజూ ఆ అంగిలి కాలుతుంది. ప్రతిరోజూ దేహం దానిని మాన్పాలని చూస్తుంది. మానేలోగా మళ్లీ కాలుతుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగితే ఎక్కడో ఒక కణం అదుపు తప్పుతుంది. ఒకసారి అది గడ్డగా మొలిచిన తరువాత, మాన్పడానికి వచ్చిన కూలీలందరూ దాని చేతి కింద పనిచేయడం మొదలుపెడతారు.

మంచి పదార్థమే గడ్డకు మేత అవుతుందా అని మీకు సందేహం రావచ్చు. మన తెలుగువాడు ఎల్లాప్రగడ సుబ్బారావు గారి కథ వినండి. 1895లో భీమవరంలో పుట్టి, అమెరికా వెళ్లి, లెడర్లీ సంస్థలో పరిశోధన చేసిన మహానుభావుడు ఆయన. ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం రక్తహీనత ఉన్నవారికి ఎంతో మేలు చేసే విటమిను. గర్భిణీ స్త్రీలకు ఇచ్చే మాత్రల్లో ఇప్పటికీ అది ఉంటుంది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ఆ జాతి పదార్థాలను రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి చూశారు. వ్యాధి తగ్గలేదు సరికదా మరింత వేగంగా పెరిగింది. అప్పుడు ఆయన తిరగేసి ఆలోచించారు. విటమిను ఇస్తే పెరిగేది, విటమినును అడ్డుకుంటే తగ్గాలి కదా అని. అలా అడ్డుకునే మందు అమినోప్టెరిన్‌ను అందించింది సుబ్బారావు గారి బృందమే. కొందరు పిల్లల్లో వ్యాధి కొంతకాలం వెనక్కి తగ్గినట్టు 1948లో ఫార్బర్ ప్రకటించారు. అదే సంవత్సరం సుబ్బారావు గారు కన్నుమూశారు. ఆ జాతికి చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సర్ ఆసుపత్రులలో వాడుతున్నారు. దేహానికి మంచిదైనది గడ్డకు కూడా మంచిదే కావచ్చునని దాదాపు ఎనభై ఏళ్ల క్రితమే మనవాని పరిశోధన వల్ల లోకానికి తెలిసింది.

కాబట్టి ఇంటి ముందుకు వచ్చి, రోగనిరోధక శక్తి పెంచుతాము, గడ్డ కరిగిస్తాము అనేవారి మాట నమ్మవద్దు. ఏ కాపలాదారును పెంచుతున్నాడో అమ్మేవాడికి తెలియదు. పెంచిన కాపలాదారు ఎవరి వైపు పనిచేస్తాడో అంతకంటె తెలియదు. ఎల్ఎల్-37ను మెలనోమా అనే చర్మ క్యాన్సర్ గడ్డలోకి నేరుగా సూదితో ఎక్కించే తొలిదశ ప్రయోగం అమెరికాలో డాక్టర్ల పర్యవేక్షణలో జరిగింది. అది ఇంకా పరిశోధనలో ఉన్న సంగతి. డబ్బాలో దొరికేది కాదు. ఆ పొడులు చాలాసార్లు పనిచేయకపోవడమే కాదు, వాటిని నమ్ముకొని కూర్చున్న నెలలే అసలు నష్టం. చిన్న పుండుగా ఉన్నప్పుడు చిన్న కోతతో పోయేది, ఎముక దాకా పాకితే అంగిలినే తీయవలసి వస్తుంది.

మా సహోదరికి అదే జరిగింది. పై దవడలో కొంత భాగం తీసివేశారు. తరువాత ముప్పై రోజులకు పైగా కరెంటు పెట్టించుకున్నారు. అన్నం ముక్కులోకి పోకుండా పళ్లసెట్టు వంటి ప్లేటు అమర్చారు. అది తీస్తే మాట ముక్కులోంచి వస్తుంది. అయినా ఆమె బ్రతికారు. ఆమె అడిగిన ప్రశ్నకు నేను చెప్పిన జవాబు ఇది. "అమ్మా, నీ ఒంట్లో సత్తువ లేక కాదు. నీ ఒళ్లు నలభై ఏళ్లు ఆ పుండును మాన్పాలని పోరాడింది. దానికి మానేందుకు మనం సమయం ఇవ్వలేదు, అంతే." అది విని ఆమె చాలాసేపు ఏడ్చారు. తరువాత ఆ ఇంటిలో చుట్టల కట్ట కనబడలేదు.

విశ్వాసం తక్కువై రోగం వచ్చిందని, ప్రార్థన చాలక మానలేదని రోగి ముఖం మీద అనేవారు మన మధ్య కూడా ఉన్నారు. దయచేసి అలా అనకండి. పుండు ఎందుకు మానలేదో పైన చదివారు. నిందించడం వల్ల రోగి సిగ్గుపడి నోరు మూసుకుంటాడు. నోటి క్యాన్సర్‌కు కావలసింది కూడా అదే, మూసి ఉన్న నోరు.

ఇక మనం చేయవలసినవి చెప్పి ముగిస్తాను. మొదటిది, రోజూ కాల్చడం ఆపాలి. చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా ఏదైనా సరే. శ్రీకాకుళంతో పాటు కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావ్‌నగర్ జిల్లాలలో ముప్పై ఆరు వేల మంది పొగాకు వాడేవారికి నచ్చజెప్పి చూసిన అధ్యయనం 1986లో వెలువడింది. మానినవారిలో క్యాన్సర్‌కు ముందు వచ్చే తెల్లమచ్చలు తగ్గాయి. అంటే ముప్పై ఏళ్లు తాగినవారు మానినా లాభమే. ఇంత వయసులో మానేదేమిటి అనవద్దు. మానలేనివారు 1800-11-2356 నంబరుకు ఫోను చేస్తే ఖర్చు లేకుండా సలహా చెబుతారు.

రెండవది, రెండు వారాలకు మించి మానని పుండును అశ్రద్ధ చేయకూడదు. తెల్లమచ్చ, ఎర్రమచ్చ, గడ్డ, కారణం లేకుండా కదిలే పన్ను, నోరు తెరవలేకపోవడం, ఇవన్నీ గుర్తులే. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. మొదట్లో నొప్పి ఉండదు. ముప్పై ఏళ్లు దాటినవారికి నోటి పరీక్ష చేయాలని ప్రభుత్వమే నియమం పెట్టింది. మీ ఊరి ఆశా కార్యకర్తను, ఏఎన్ఎంను అడగండి. మా ప్రాంతం వారికైతే గాజువాక దాటగానే అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నది. నగరంలో కింగ్ జార్జి ఆసుపత్రి ఉన్నది. చికిత్స మొదలైనవారు మధ్యలో ఏ పొడి, ఏ కషాయం తీసుకుంటున్నా డాక్టరుకు దాచకుండా చెప్పాలి.

మూడవది, చాలా సులువైనది. ఈ పత్రిక మీ చేతికి అందిన రోజే ఇంటిలోని పెద్దవారిని వాకిట్లో వెలుతురుకు కూర్చోబెట్టండి. పళ్లసెట్టు ఉంటే తీయమనండి. నోరు పెద్దగా తెరిపించి, బుగ్గలు, నాలుక కింద, మరీ ముఖ్యంగా తల వెనక్కి వంచి అంగిలిని టార్చిలైటు వేసి చూడండి. అమ్మ నోటిలోకి చూడడానికి కొడుకు సిగ్గుపడనక్కరలేదు. అత్త నోటిలోకి చూడడానికి కోడలు మొహమాటపడనక్కరలేదు. రెండు నిమిషాల పని. కంచె కాపలా ఎంత బలమైనదైనా, రైతు రోజుకొకసారి గట్టు మీదకు వెళ్లి చేనును తన కళ్లతో చూసుకోవలసిందే.